బస్తర్ చలికి క్రోషియా స్వెట్టర్

బస్తర్ పీఠభూమిలో చలి రోజంతా ఉండదు. జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున, ఇంద్రావతి ఒడ్డున ఉంది. చుట్టూ సాల వృక్షాల అడవి. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, కొన్ని రాత్రులు ఇంకా కిందికి పోతుంది. తెల్లవారేసరికి నది పక్కన, కోతలైన వరి మళ్ళ మీద పొగమంచు పరుచుకుని ఉంటుంది. పది గంటలు దాటితే అదే ఊళ్ళో ఎండ చురుక్కుమంటుంది. మధ్యాహ్నానికి 27, 28 డిగ్రీలు. పొద్దు వాలితే మళ్ళీ ఒళ్ళు వణుకుతుంది. దక్షిణాన బైలదిల్లా కొండల శిఖరాలు 1200 మీటర్లు దాటుతాయి కాబట్టి అక్కడి గనుల్లో రాత్రి షిఫ్టుకు వెళ్ళేవారికి చలి మరీ ఎక్కువ. కొత్తవలస నుంచి అరకు లోయ, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ చేరే రైలుమార్గాన్ని 1960ల్లో ఆ కొండల్లోని ఇనుప ఖనిజం కోసమే వేశారు. ఆ దారినే కోస్తా జిల్లాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు కిరండూల్, బచేలీ ఊళ్ళకు చేరాయి. సముద్రపు గాలికి అలవాటుపడ్డ ఒంటికి ఈ చలి కొత్త.

ఇలాంటి చలికి హిమాలయాల్లో వేసుకునే బరువు కోటు పనికిరాదు. పొద్దున్నే వేసుకుని, ఎండెక్కగానే విప్పి భుజాన వేసుకునేది, సాయంత్రం మళ్ళీ తొడుక్కునేది కావాలి. ముందు తెరిచి ఉండి గుండీలు పెట్టుకునే స్వెట్టర్, అంటే కార్డిగన్, ఆ అవసరానికి సరిగ్గా సరిపోతుంది. తల మీంచి దూర్చుకునే స్వెట్టర్ అయితే వేసుకున్నంతసేపూ ఒకటే వేడి. కార్డిగన్‌కు గుండీలు తీస్తే గాలి ఆడుతుంది, పెడితే ఆగుతుంది. పాలిచ్చే తల్లికి, చెయ్యి పైకెత్తలేని ముసలివాళ్ళకు, నిలవని పిల్లలకు తొడగడం కూడా తేలిక.

బస్తర్‌లో పూర్వం చలికి ఊలు ఆధారం కాదు. అక్కడి ఆదివాసులకు రెండే ఆసరాలు: ముతక నూలుబట్ట, మంట. పనికా, మహరా నేతకారులు నేసిన దట్టమైన చీరలు, దుప్పట్లు ఈనాటికీ ఉన్నాయి. చలువ చేయని నూలు తెలుపు మీద ఆల్ చెట్టు వేరుతో అద్దిన ఎరుపు, ముదురు గోధుమ రంగు అంచులు వాటి గుర్తు. రంగు పట్టడానికి నూలును ఆముదంలో, పేడలో, బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు. పక్కనే ఒడిశాలో, కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతకారులదీ ఇదే పద్ధతి. ఆ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒంటికి చుట్టుకున్నప్పుడు ఈ బట్ట పొరల మధ్య గాలిని పట్టి ఉంచుతుంది. వెచ్చదనమంతా అలా పట్టుబడిన గాలిదే. కానీ చుట్టుకున్న బట్ట పని చేస్తుంటే జారిపోతుంది. చేతులు ఆడుతూ ఉండాలి, వెచ్చగానూ ఉండాలి అంటే చేతులున్న వస్త్రం కావాలి. ఆ పని అల్లికది.

అల్లిక రెండు రకాలు. రెండు సూదులతో అల్లేది ఒకటి, కొక్కెం ఉన్న ఒక్క సూదితో అల్లేది ఇంకొకటి. రెండో దాన్నే క్రోషియా అంటారు. రెండు సూదుల పనిలో ఒక వరసలోని కుట్లన్నీ తెరిచిన ఉచ్చులుగా సూది మీదే ఉంటాయి. సూది జారితే అన్నీ ఊడిపోతాయి, ఒక కుట్టు తెగితే నిచ్చెన మెట్లలా కిందికి వరసగా విడిపోతుంది. క్రోషియాలో కుట్టు వేస్తున్నప్పుడు సూది మీద ఉండేది కొద్ది ఉచ్చులే, కుట్టు పూర్తయితే ఒక్కటే. మిగిలిందంతా అప్పటికే ముడిపడిన బట్ట. పని మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాలన్నా, బిడ్డ ఏడుస్తున్నాడని పక్కన పడేయాలన్నా ఆ ఒక్క ఉచ్చును కాస్త పెద్దదిగా లాగి వదిలితే చాలు. ఇంటిపని చేసుకుంటూ అల్లే ఆడవాళ్ళ చేతుల్లో ఈ కళ నిలవడానికి అది ఒక ముఖ్య కారణం.

ఈ పని మొత్తం గొలుసు కుట్టుతో మొదలవుతుంది. సూదికి ఒక ఉచ్చు వేసి, దారాన్ని కొక్కానికి చుట్టి ఆ ఉచ్చులోంచి లాగితే ఒక గొలుసు అవుతుంది. కావలసినన్ని గొలుసులు వేసి, వెనక్కి తిరిగి వాటిమీద కుట్లు వేస్తారు. కుట్టు ఎత్తును బట్టి సింగిల్, హాఫ్ డబుల్, డబుల్, ట్రెబుల్ అని పేర్లు. వరస తిరిగేటప్పుడు సింగిల్‌కు ఒక గొలుసు, హాఫ్ డబుల్‌కు రెండు, డబుల్‌కు మూడు, ట్రెబుల్‌కు నాలుగు గొలుసులు పైకి వేయాలి. లేకపోతే అంచు కుంచించుకుపోతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ పేర్లు అమెరికా లెక్కలో ఒకటి, ఇంగ్లండు లెక్కలో ఒకటి. అమెరికాలో సింగిల్ అనేది ఇంగ్లండులో డబుల్, అమెరికా డబుల్ ఇంగ్లండులో ట్రెబుల్. మన దేశంలో రెండు రకాల పుస్తకాలూ దొరుకుతాయి కాబట్టి, నమూనా ఏ దేశపు లెక్కలో రాశారో చూసుకోకుండా మొదలుపెడితే స్వెట్టర్ ఒకటిన్నర రెట్లు పొడవు తేలవచ్చు. ఈ ప్రసంగంలో పేర్లన్నీ అమెరికా లెక్కలోనివి.

వెచ్చదనం కుట్టు ఎంపికలోనే ఉంది. సింగిల్ కుట్టు దట్టంగా, బిరుసుగా వస్తుంది. గాలి దూరదు, కానీ బట్ట ఒంటికి ఒదగదు, ఊలు ఎక్కువ తింటుంది. డబుల్ కుట్టు తొందరగా ఎదుగుతుంది, మెత్తగా జారుతుంది, కుట్టు కుట్టుకూ మధ్య సందులుంటాయి. ఆ సందుల్లోంచి గాలి కొడుతుంది. నడుమ ఉన్న హాఫ్ డబుల్ చలి బట్టలకు అన్నిటికన్నా నమ్మకమైనది. గాలి తగిలే వీపు, ఛాతీ భాగాలు హాఫ్ డబుల్‌లో, కదలిక ఎక్కువ ఉండే చేతులు డబుల్‌లో అల్లడం మంచి పద్ధతి. పూల అల్లిక, జాలీ అల్లిక అందానికి బాగుంటాయి. పైన శాలువా కప్పుకునేవారికి అవి చాలు, వాహనం మీద పొద్దున్నే వెళ్ళేవారికి చాలవు. అదే ఊలుతో అల్లినా క్రోషియా బట్ట రెండు సూదుల బట్ట కంటే మందంగా వస్తుంది, ఊలు కూడా నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఎక్కువ పడుతుంది. పెద్దవాళ్ళ కార్డిగన్‌కు మధ్యరకం ఊలు అర కిలో నుంచి ముప్పావు కిలో వరకు లెక్క పెట్టుకోవాలి. మొత్తం ఒకేసారి, ఒకే విడతలో రంగు వేసినదానికి గుర్తుగా ఉండే డై లాట్ నంబరు ఒకటే ఉందో లేదో చూసి కొనాలి. నంబరు మారితే రంగులో తేడా దుకాణంలో కనిపించదు, వీపు మీద అడ్డ గీతలా ఎండలో కనిపిస్తుంది.

ఊలు అని దుకాణంలో అడిగితే చేతికి వచ్చేది చాలాసార్లు ఊలు కాదు, అక్రిలిక్. లూథియానా నుంచి దేశమంతా వెళ్ళే ఉండల్లో అక్రిలిక్ ఉంటుంది, కలిపిన ఊలు ఉంటుంది, పూర్తి ఊలూ ఉంటుంది. అక్రిలిక్ చవక, రంగులు మెరుస్తాయి, ఎలా ఉతికినా పర్వాలేదు, పురుగు పట్టదు. అయినా బస్తర్ లాంటి చోట దాన్ని ఎంచుకునే ముందు ఒక్క విషయం ఆలోచించాలి. అక్కడ చలికాలం అంటే మంట చుట్టూ కూర్చోవడం. ఊరి మధ్యన, ఇంటి వాకిట్లో, సంత నుంచి వచ్చే దారిలో కట్టెలు రాజేసి చేతులు కాచుకుంటారు. పొయ్యి ముందు వంట చేసే ఆడవాళ్ళు రోజంతా నిప్పుకు దగ్గరే. అక్రిలిక్ నిప్పు తగిలితే కరుగుతుంది, కరిగి మండుతూ చర్మానికి అంటుకుంటుంది. నిప్పురవ్వ పడితే బట్టకు చిల్లు పడటంతో ఆగదు, ఒంటికి పుండవుతుంది. అసలు ఊలు అంత తేలికగా అంటుకోదు, అంటుకున్నా మంట తీసేస్తే తనంతట తానే ఆరిపోతుంది. నూలు కరగదు గానీ తొందరగా మండుతుంది, పైన నూగు లేచిన నూలైతే మరీ తొందరగా. అందుకే మంట దగ్గర కూర్చునే ఇంట్లో, ముఖ్యంగా పిల్లలకు, ఖర్చు కాస్త ఎక్కువైనా ఊలు పాలు ఎక్కువున్న దారమే కొనాలి.

ఏది ఏమిటో తెలుసుకోవడానికి జానెడు దారం చాలు. దాన్ని చిమటాతో పట్టుకుని, నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని వెలిగించాలి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లటి ముద్ద వేళ్ళతో నలిపితే పొడైతే అది ఊలు. కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద మిగిలితే నూలు. నల్లటి పొగ వచ్చి, చల్లారాక గట్టి పూసలాంటి ముద్ద మిగిలితే అక్రిలిక్ లేదా అలాంటి మరో కృత్రిమ దారం. వెంట్రుకల వాసనా, పూసా రెండూ కనిపిస్తే అది కలుపు దారం.

ఊలుకు ఇంకో గుణం ఉంది. తన బరువులో సుమారు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. పొగమంచులో నడిచి వచ్చినవారికి ఆ తేడా బాగా తెలుస్తుంది, నూలు స్వెట్టర్ అదే మంచులో చల్లబడిపోతుంది. అయితే ఊలన్నిటికీ ఒకే మెత్తదనం లేదు. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల బొచ్చుతో నేసే గొంగడి వానకూ చలికీ పేరుపడ్డది. ఆ ముతక బొచ్చు గొంగడికే తగింది, మెడకు తగిలే స్వెట్టర్‌కు గుచ్చుకుంటుంది. స్వెట్టర్‌కు కావలసింది సన్నని పోగు.

బస్తర్ అడవికి తనదంటూ ఒక దారం ఉంది. సాల చెట్ల మీద అడవిలోనే పెరిగే దసలి పట్టుపురుగు రకాన్ని అక్కడ రైలీ అంటారు. ఛత్తీస్‌గఢ్‌లో దసలి పట్టు పేరు కోసా. రైలీ గూళ్ళను ఎవరూ పెంచరు. ఆదివాసులు అడవిలో ఏరి సంతలో అమ్ముతారు. గూడు గట్టిగా, పెద్దగా ఉంటుంది. పురుగు తొలుచుకుని బయటికి వచ్చేసిన గూళ్ళ నుంచి అఖండ దారం తీయలేరు. వాటి నుంచి చేత్తో లాగి తీసే ముతక దారాన్ని గీచా అంటారు. అది అక్కడక్కడా ముద్దలు కట్టి, తేనె రంగులో, మెరుపు లేకుండా ఉంటుంది. పట్టు వెచ్చగా ఉంటుంది గానీ సాగి మళ్ళీ వెనక్కి ముడుచుకునే గుణం దానికి లేదు. మొత్తం కార్డిగన్‌ను దానితో అల్లితే కొన్నాళ్ళకు మోచేతుల దగ్గర, కింది అంచు దగ్గర వేలాడుతుంది. ఊలు కార్డిగన్‌కు కాలరు, గుండీల పట్టీ, జేబు అంచు గీచాతో అల్లితే మాత్రం ఆ సహజమైన రంగుకు సాటి రంగు డబ్బాలో దొరకదు.

దారం, సూది కుదిరాక నేరుగా స్వెట్టర్ మొదలుపెట్టకూడదు. ముందు ఒక నమూనా ముక్క అల్లాలి. మధ్యరకం ఊలుకు 4 నుంచి 5 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. ఏ కుట్టుతో స్వెట్టర్ అల్లదలచారో అదే కుట్టుతో 15 సెంటీమీటర్ల చదరం అల్లి, తడిపి, ఆరబెట్టి, నడిమి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు ఉన్నాయో లెక్కపెట్టాలి. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. దాని ఫలితం లెక్కలోనే తెలుస్తుంది. 10 సెంటీమీటర్లకు 15 కుట్లు వచ్చాయనుకుందాం. ఛాతీ కొలత 90 సెంటీమీటర్లు. లోపల జాకెట్టో చొక్కానో ఉంటుంది కాబట్టి 10 సెంటీమీటర్లు వదులు కలిపితే మొత్తం 100. అందులో వీపు భాగం 50 సెంటీమీటర్లు, అంటే 75 కుట్లు. చెయ్యి కాస్త వదులుగా ఉండి 15కు బదులు 14 కుట్లే పడుతుంటే, అవే 75 కుట్లు దాదాపు 53న్నర సెంటీమీటర్లవుతాయి. చుట్టుకొలత 107 దాటుతుంది. ఒక్క కుట్టు తేడా మొత్తం మీద 7 సెంటీమీటర్ల వదులుగా తేలింది. కుట్లు తక్కువ వస్తే సూది అర మిల్లీమీటరు సన్నది తీసుకోవాలి, ఎక్కువ వస్తే లావుది. చేతి బిగువును బలవంతంగా మార్చడం కంటే సూది మార్చడం మేలు, ఎందుకంటే బలవంతపు బిగువు పది వరసల తర్వాత మళ్ళీ పాత అలవాటుకే వస్తుంది.

ముందు భాగాలు రెండూ వీపులో సగం చొప్పున 25 సెంటీమీటర్లు కావాలి. గుండీల పట్టీ వెడల్పు 4 సెంటీమీటర్లైతే, పట్టీలు రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఒక్కో వైపు 2 సెంటీమీటర్లు తగ్గించి 23 సెంటీమీటర్లకు అల్లాలి. కుట్ల లెక్కలో 34 లేదా 35. చేతుల్ని మణికట్టు నుంచి పైకి అల్లడం సులువు. మణికట్టు దగ్గర 20 సెంటీమీటర్లకు 30 కుట్లతో మొదలుపెట్టి, 10 సెంటీమీటర్లకు 8 వరసల లెక్కన 42 సెంటీమీటర్ల పొడవుకు 34 వరసలు వస్తాయి. ప్రతి మూడో వరసలో రెండు చివర్లా ఒక్కో కుట్టు పెంచుతూ పది సార్లు పెంచితే పైన 50 కుట్లు, అంటే 33 సెంటీమీటర్లు. చివరి నాలుగు వరసలు పెంచకుండా అల్లితే భుజానికి కుట్టడానికి అంచు నిటారుగా దొరుకుతుంది. భుజం దగ్గర చంక గుంట తీయకుండా, వీపు, ముందు ముక్కల్ని దీర్ఘచతురస్రాలుగానే ఉంచి, భుజం గీత కాస్త కిందికి దిగేలా కలిపితే కొత్తవారికి కూడా తప్పు పోదు. చెయ్యి తిరిగినవారు మెడ దగ్గర మొదలుపెట్టి, భుజాల మీదుగా నాలుగు చోట్ల కుట్లు పెంచుకుంటూ అతుకు లేకుండా కిందికి దిగుతారు. దాన్ని రాగ్లాన్ పద్ధతి అంటారు. పై నుంచి కిందికి అల్లిన కార్డిగన్‌కు పొడవు చివర్లో తేలుతుంది. పిల్లవాడు ఎదిగాక ముంజేతి అంచు, కింది అంచు విప్పి, అదే రకం ఊలు తెచ్చి ఇంకో అయిదారు వరసలు అల్లితే అదే స్వెట్టర్ ఇంకో చలికాలానికి వస్తుంది.

ఇప్పుడు చాలామంది ఆడపిల్లలు ఇష్టపడుతున్నది షట్కోణ కార్డిగన్. రెండే ముక్కలతో వస్త్రం తయారవడం దాని విశేషం. నడుమ చిన్న వలయం వేసి, చుట్టూ ఆరు మూలలతో వరసలు పెంచుకుంటూ పోతారు. ప్రతి మూలనూ చదరపు ముక్క మూల ఎలా తిప్పుతారో అలాగే తిప్పాలి. నాలుగు మూలలకు సరిపోయే బట్టలో ఆరు మూలలు వస్తాయి కాబట్టి అది బల్ల మీద చదునుగా పరుచుకోదు, అలలు అలలుగా లేస్తుంది. మొదటిసారి అల్లేవారు ఇది చూసి పని చెడిందనుకుని విప్పేస్తుంటారు. విప్పకుండా మడత పెడితే అది సరిగ్గా ఎల్ అక్షరం ఆకారంలో ఒదుగుతుంది. ఒక కాలు చెయ్యి అవుతుంది, రెండోది సగం వీపు, సగం ముందుభాగం. రెండో షట్కోణాన్నీ అలాగే మడిచి వీపు నడుమ, భుజాల మీదుగా చేతుల పైఅంచు వెంట కలిపితే కార్డిగన్ నిలుస్తుంది. ఆ పైన కింది అంచు, ముంజేతి పట్టీ, ముందు పట్టీ అల్లాలి. సాగే పట్టీ కావాలంటే కుట్టు తలలోని రెండు పోగుల్లో వెనకదాన్ని మాత్రమే పట్టుకుని సింగిల్ కుట్లు వేస్తారు, దానితో గట్లు గట్లుగా వచ్చి మణికట్టును పట్టి ఉంచుతుంది. చివరగా మొత్తం వస్త్రాన్ని తడిపి, నీళ్ళు అద్ది తీసి, కొలతకు సరిచేసి పరుపు మీద పరచి ఆరబెట్టాలి. వంకర అంచులు, ముడుచుకున్న మూలలు అప్పుడు సర్దుకుంటాయి.

ఊలు వస్త్రాన్ని వేడినీళ్ళలో ఉతికి పిండితే పోగులు పెనవేసుకుని అట్టలా బిగుసుకుంటుంది, ఇక విడదీయలేరు. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం కలిపి ముంచి, చేత్తో మెల్లగా నొక్కి తీయాలి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగుతుంది కాబట్టి నీడలో మంచం మీద పరచాలి. బస్తర్‌లో వానలు ఎక్కువ, ఏడాదికి దాదాపు 1500 మిల్లీమీటర్లు కురుస్తాయి. ఆ నాలుగు నెలలు పెట్టెలోని ఊలుకు గండం. ఉతకని స్వెట్టర్ మీది చెమట, జిడ్డు పురుగును పిలుస్తాయి. అందుకని దాచేముందు ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసి నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి. వానలు తెరిపిచ్చిన రోజు ఒకసారి బయటికి తీసి గాలికి పెట్టాలి. 75 రోజుల బస్తర్ దసరా ముగిసేసరికి చలి మొదలవుతుంది. చెయ్యి తిరిగినవారికి రోజూ రెండు మూడు గంటల చొప్పున మూడు నాలుగు వారాలు పట్టే పని కాబట్టి, పండుగ రోజుల్లోనే సూది పట్టాలి.

ఆ గంటల సంగతే ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం. రెండు సూదుల అల్లికకు ఇంగ్లండులో విలియం లీ 1589లోనే యంత్రం కట్టాడు. బాబిన్లతో అల్లే లేసుకు 1813లో జాన్ లీవర్స్ యంత్రం చేశాడు. క్రోషియా ఈ రూపంలో యూరప్‌లో వ్యాపించింది 19వ శతాబ్దపు మొదటి సగంలో. ఇప్పటికీ దాన్ని ఫ్యాక్టరీలో అల్లే యంత్రం లేదు. కొక్కెం అప్పటికే ముడిపడిన బట్టలో ఏదో ఒక చోట దూరి, దారాన్ని పట్టి, ఒక్కో ఉచ్చును ఒక్కో రకంగా లాగాలి. ప్రతి కుట్టుకూ చోటు మారుతుంది, బిగువు మారుతుంది. పరిశోధనశాలల్లో ప్రయోగాలు సాగుతున్నాయి గానీ బజారుకు ఏమీ రాలేదు. క్రోషియా మెషిన్ అని పేరున్నవి అల్లేది వేరే రకం నిట్టింగ్. పైకి క్రోషియాలా కనిపించే చవక బట్టలు చాలావరకు వాటివి. నిజమైన క్రోషియా బట్ట ప్రపంచంలో ఎక్కడ దొరికినా, ఎంత తక్కువ ధరకు దొరికినా, దాని వెనక ఒక మనిషి కూర్చుని వేసిన కుట్లున్నాయి.

ఆ మనుషులు తెలుగునేలలో ఎక్కువగా కనిపించే చోటు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. స్కాట్లండ్ నుంచి మిషనరీలుగా వచ్చిన మెక్రే దంపతులు 1844లో అక్కడి ఆడవాళ్ళకు ఈ పని నేర్పారని ఊరి కథనం. మిషనరీలు లేసు నేర్పిన ఇంకో ఊరు గోదావరి ఎగువన, బస్తర్ సరిహద్దుకు దగ్గర్లోనే ఉంది. అది చర్చి మిషనరీ సొసైటీ కేంద్రంగా ఉన్న దుమ్ముగూడెం. నరసాపురం పని మాత్రం చుట్టుపక్కల గ్రామాలకు పాకి పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. మొదట క్రైస్తవ దళిత స్త్రీలు, తర్వాత గడప దాటని కాపు స్త్రీలు, ఇంకా ఇతర కులాల స్త్రీలు లేసు సూది పట్టారు. సన్నని నూలు దారంతో బల్ల గుడ్డలు, దుప్పట్లు, దిండు గలీబులు అల్లి పంపేవారు. కాలం మారాక జాకెట్లు, పొంచోలు, పైన వేసుకునే జాలీ కోట్లు కూడా వాటితో చేరాయి. పని ముక్కలుగా సాగుతుంది. పువ్వులు, చక్రాలు విడివిడిగా అల్లేది చేతిపని, వాటిని కలిపి వస్త్రంగా చేసేది అతుకుపని. ఒకరు అల్లినది ఇంకొకరు అతుకుతారు. దారం ఇచ్చి ముక్క తీసుకునేది ఏజెంటు. పైన ఎగుమతిదారు. ఒక చక్రం అల్లిన స్త్రీకి అది ఏ దేశంలో ఏ వస్త్రమవుతుందో తెలిసే వీలు తక్కువ.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో అక్కడ ఉండి చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. నరసాపురం లేసు అల్లేవారి గురించిన ఆ పుస్తకాన్ని ప్రపంచమంతా చదివింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సూది పట్టే ఆడవాళ్ళను వ్యాపారులు, ప్రభుత్వ లెక్కలు, చివరికి ఇంటి మగవాళ్ళు కూడా పనివాళ్ళుగా చూడలేదని, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగానే చూశారని ఆమె తేల్చింది. కాలక్షేపానికి కూలీ కట్టనక్కర్లేదు కదా అన్నది ఆ చూపు వెనకున్న లెక్క. యంత్రం రాని పని కాబట్టి వ్యాపారి ఖర్చు తగ్గించుకోవడానికి మిగిలిన దారి ఒక్కటే, ఆ చేతికి ఇచ్చేది తగ్గించడం.

కార్డిగన్ అల్లి అమ్మదలచినవారు ఎక్కడ ఉన్నా, కిరండూల్ క్వార్టర్స్‌లో ఉన్నా నరసాపురం పెంకుటింట్లో ఉన్నా, ధర కట్టే పద్ధతి ఇక్కడి నుంచే మొదలవ్వాలి. మామూలుగా చేసేది ఊలు ఖర్చుకు అంతే మొత్తం కలిపి ధర చెప్పడం. దానిలో గంటలు కనిపించవు. ఒక కార్డిగన్‌కు 50 గంటలు పట్టిందనుకుంటే, గంటకు 40 రూపాయలు వేసినా కూలే 2000 రూపాయలు. ఊలు, గుండీలు, తడిపి ఆరబెట్టి సరిచేసే పని ఆ పైన. యంత్రం మీద అల్లిన స్వెట్టర్ చలికాలపు టిబెటన్ దుకాణంలో అందులో సగానికే రావచ్చు. ఒకప్పుడు టిబెటన్ కాందిశీకులు, ఛత్తీస్‌గఢ్‌లోనే మైన్‌పాట్‌లో 1960ల్లో స్థిరపడ్డవారి లాంటివారు, చేత్తో అల్లిన స్వెట్టర్లు అమ్మేవారు. ఇప్పుడు ఆ దుకాణాల్లో ఎక్కువగా లూథియానా మిల్లు సరుకు. దానితో ధరలో పోటీ పడాలని చూస్తే చేతిపని ఓడుతుంది. కొలత తీసుకుని ఒంటికి సరిగ్గా అల్లడం, పిల్లలకు పొడిగించి ఇవ్వడం, నిప్పుకు తేలికగా అంటుకోని ఊలు వాడటం, చిరిగితే బాగుచేసి ఇవ్వడం మిల్లు చేయలేదు. కొనేవారికి చెప్పవలసినవి అవే. అల్లినన్ని రోజులూ గంటలు ఒక పుస్తకంలో రాసుకుంటే, ధర అడిగినప్పుడు చెప్పడానికి మాట దొరుకుతుంది.

నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చైనా నుంచి వచ్చే యంత్రపు లేసు గానీ, వేరే ఊళ్ళో అల్లినది గానీ ఆ పేరుతో అమ్మకుండా అది అడ్డుకుంటుంది. చేతిపనికీ అతుకుపనికీ ముక్కకు ఎంత ఇవ్వాలో ఆ పత్రంలో లేదు. ఆ రేటు ఇప్పటికీ ఏజెంటుకూ సూది పట్టిన స్త్రీకీ మధ్య తేలవలసిందే.